మిస్‌ఫైల్ అంటే

జైలు ఆఫీసులో రికార్డు గది చూసే ఆమెను అందరూ ఇండెక్సమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు, పేరు మాత్రం మిగిలింది. ఇరవై ఆరేళ్ళు ఆ ఒక్క గదిలోనే పనిచేసింది. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే గది. రెండు పక్కలా ఇనప రాకులు, వాటి మధ్య మనిషి భుజం తిప్పుకుని నడిచేంత దారి. రాకుల నిండా ఖైదీల ఫైళ్ళు. ఒక్కో ఖైదీకి ఒక్కో అట్ట, అట్ట మీద నాలుగంకెల నంబరు. ఎవరైనా వచ్చి ఖైదీ పేరు చెబితే, ఇండెక్సు పుస్తకం తెరవకుండానే నంబరు చెప్పేది. ఆ నంబరు ఏ రాకులో ఏ వరసలో ఉంటుందో కూడా చెప్పేది. మీ ఇంట్లో చెవిపోగు పోయినా ఇండెక్సమ్మనే అడగండి అని సెక్షన్‌లో ఒక జోకు ఉండేది. ఆమె ఆ జోకుకి నవ్వేది కాదు గానీ, మళ్ళీ ఎవరైనా అంటే బాగుండునని లోలోపల ఉండేది.

పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ఒక గది ఆమెది. తమ్ముడు ఊళ్ళు తిరిగే ఉద్యోగం, మరదలు బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరు. వదినా మరదళ్ళిద్దరికీ బాగానే పొసిగేది. సాయంత్రం ఒకరు కూర తరుగుతుంటే ఇంకొకరు పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు.

రిటైరవడానికి ఇంకో రెండేళ్ళుందనగా ఆమెకు చూపు తగ్గింది. కళ్ళ డాక్టరు మందపాటి అద్దాలు రాసిచ్చాడు. ఆ చీటీ పర్సులో పెట్టుకుని ఐదు నెలలు తిరిగింది. అలాంటి అద్దాలు పెట్టుకుని ఆఫీసుకెళితే వయసు మీద పడిందంటారు, రికార్డు గది ఇంకెవరికైనా ఇస్తారు. అదీ ఆమె భయం. పాత కళ్ళజోడుకి ఒక కాలు ఊడిపోతే దారం కట్టుకుంది గానీ, కొత్తది మాత్రం చేయించుకోలేదు. కనిపించినంత చూసి, మిగతాది అలవాటు మీద లాక్కొచ్చేది. ఎవరినైనా పిలిచి, ఈ నంబరు ఏంటో కాస్త చదివి పెట్టమని అడిగితే సరిపోయేది. అడగడానికి నోరు రాలేదు.

ఆ నెల నాలుగో తారీఖున కోర్టు నుంచి పదకొండు కాగితాలొచ్చాయి. అందులో ఒకటి ఒక బోర్డు పెయింటర్‌కి శిక్ష తగ్గిస్తూ ఇచ్చిన ఆర్డరు. మర్నాడే అతన్ని వదిలిపెట్టాలి. కొత్త కాగితం వచ్చిన ఫైలుకి రికార్డు గదిలో ఎర్ర చీటీ తగిలిస్తారు. సాయంత్రం విడుదల సెక్షన్ గుమాస్తా వచ్చి చీటీలున్న ఫైళ్ళు ఏరుకుని పట్టుకెళతాడు. పద్ధతి అది. పెయింటర్ నంబరు 4176. ఆ పొద్దున్నే ఇంకో జైలుకి మారిపోయిన ఒక ఖైదీ ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. దాని నంబరు 4716. పెయింటర్ ఆర్డరు ఆ ఫైల్లో పెట్టింది. చీటీ కూడా తగిలించింది. తర్వాత, మారిపోయినవాళ్ళ ఫైళ్ళన్నీ ఒక కట్టగా కట్టి, చివరి రాకులో పైవరసలో పెట్టేసింది. ఆ రాకు దగ్గరికి ఏడాదికోసారి కూడా ఎవరూ వెళ్ళరు.

ఆ పెయింటర్ చెయ్యి తిరిగిన మనిషి. అక్షరం రాస్తే అచ్చు వేసినట్టుండేది. ఆ చెయ్యే అతన్ని జైలుకి పంపింది. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి దొంగ సర్టిఫికెట్లు రాసి, ముద్రలు చెక్కి ఇచ్చేవాడు. ఇంట్లో భార్యకి బోర్డుల పనని చెప్పేవాడు. పోలీసులు తలుపు తట్టిన రోజు వరకూ ఆమె ఆ మాటే నమ్మింది. అంతకు ముందు కూడా చిన్నవీ పెద్దవీ ఎన్నో అబద్ధాలు చెప్పాడట. జైల్లో పడ్డాక, ములాఖత్ కిటికీ దగ్గర, ఇక మీదట నీకు ఒక్క అబద్ధం చెప్పను అన్నాడు. ఆమె వినీ విననట్టు ఊరుకుంది. వకీలు శిక్ష తగ్గిందని చెప్పగానే, ఐదో తారీఖు బయటికొస్తున్నానని భార్యకి కబురు పంపాడు.

ఐదో తారీఖున ఆమె తన ఇస్త్రీ దుకాణానికి తాళం వేసింది. ఆరేళ్ళ కూతురికి తల దువ్వి, మొగుడికి ఒక ఉతికిన చొక్కా సంచిలో పెట్టుకుని జైలు గేటు దగ్గరికొచ్చింది. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నిలబడింది. గేటు మనిషి లోపలికి ఫోన్ చేశాడు. లోపల 4176 ఫైలు తెరిచి చూశారు. అందులో ఏమీ లేదు. అలాంటి ఆర్డరేదీ రాలేదమ్మా, నీకెవరు చెప్పారు అని గేటు మనిషి అడిగాడు. మా ఆయన చెప్పాడని ఆమె అంది. గేటు మనిషి జాలిగా చూశాడు. ఆ చూపు ఆమెకు చాలింది. నాన్నా పులి కథ తన ఇంట్లోనే జరుగుతోందనుకుంది. వారం తిరక్కుండా అద్దెగది ఖాళీ చేసి, కూతురిని తీసుకుని దుకాణం వెనక గదిలోకి మారిపోయింది. మళ్ళీ ములాఖత్‌కి రాలేదు.

లోపల పెయింటర్ రోజూ అడిగేవాడు. దొంగ కాగితాలు చేసినవాడు నా కాగితం వచ్చింది, మీరే చూసుకోలేదు అంటే ఎవరు నమ్ముతారు? వార్డర్లు నవ్వేవాళ్ళు. వకీలు అతను ఎప్పుడో ఇంటికెళ్ళిపోయి ఉంటాడనుకున్నాడు. చివరికి పెయింటర్ రాసిన ఉత్తరం అందాక, కోర్టు నుంచి ఇంకో కాపీ తీసుకుని ఇరవై ఏడున వచ్చాడు. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న పెయింటర్ బయటపడ్డాడు. ఇరవై మూడు రోజులు ఎక్కువ ఉన్నాడు.

మొదటి కాపీ ఏమైందో వెతకమని సూపరింటెండెంటు ఇండెక్సమ్మను పిలిచి చెప్పాడు. ఆమె ధీమాగానే వెళ్ళింది. ఈ తప్పు వచ్చిన కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌వాళ్ళదో, విడుదల సెక్షన్‌వాళ్ళదో అయ్యుంటుందనుకుంది. గంట వెతికాక నిచ్చెన వేసి పైకట్ట దింపింది. 4716 ఫైలు అంచున ఎర్ర చీటీ కట్ట తాడు కింద నలిగి ఉంది. తెరిస్తే ఆర్డరు. చీటీ మీద చేతిరాత తనదే. అక్కడే నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగింది. ముందుగా తనకు ఆ ఆలోచన వచ్చినందుకే ఆమె తర్వాత ఎక్కువ సిగ్గుపడింది. ఒక మనిషి ఇరవై మూడు రోజులు లోపల ఉండిపోయాడన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఆర్డరు తీసుకెళ్ళి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది. ఆయన మంచివాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి, పోనివ్వండి, మనుషులం కదా అన్నాడు. పెయింటర్ పేర ఒక ఉత్తరం ఇంగ్లీషులో చెప్పి రాయించాడు. మీ ఆర్డరు పొరపాటున మిస్‌ఫైల్ చేయబడింది, అందుకు విచారిస్తున్నాము, అంతే. ఎవరి పేరూ లేదు. ఉత్తరం టైపు చేసింది కూడా ఇండెక్సమ్మే. ఆ రెండు వరుసలు టైపు చేస్తుంటే ఆమెకు ఊపిరి తేలికైంది. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంది, ఒప్పుకోనట్టూ ఉంది.

నాలుగు రోజులకి పెయింటర్ ఎంక్వయిరీ కిటికీ దగ్గరికొచ్చాడు. సన్నగా, గడ్డం మాసి ఉన్నాడు. కిటికీలో మనిషి భోజనానికి వెళ్ళడంతో ఆ పూట అక్కడ ఇండెక్సమ్మే కూర్చుంది. అతను ఉత్తరం మడత విప్పి ఒక మాట మీద వేలు పెట్టాడు.

"అక్కా, నాకు ఇంగ్లీషు అక్షరాలు గీయడం వచ్చు గానీ అర్థాలు రావు. ఈ మాటకి అర్థం ఏంటి? ఇంట్లో చెప్పాలి."

ఆమె కాగితం వైపు చూసింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలిసింది.

"ఆలస్యమైందని," అంది. "కాగితం దారిలో ఎక్కడో ఆగిపోయి, ఆలస్యంగా చేరిందని."

అతను ఆ మాట రెండుసార్లు నోట్లో అనుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అయినా వెనక్కి పిలవలేదు.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి కిటికీలో మనిషి ఉన్నా, ఆ రోజు కూర్చున్న అక్క కావాలని అడిగాడు. భార్య ఉత్తరం ముట్టుకోలేదట. ముద్రలు చెక్కడం నీకు వాళ్ళకంటే బాగా వచ్చు కదా, ఇది కూడా నువ్వే చేసుకున్నావా అందట. ఆలస్యంగా చేరిందని రాశారు చూడు అని అతను చెబితే, ఇస్త్రీ దుకాణం పక్కనుండే మందుల షాపతను చదివి, ఆ మాటకి అర్థం అది కాదే అన్నాడట. దాంతో ఆమె తలుపు వేసేసింది.

"నేనే సరిగ్గా వినలేదేమోనక్కా," అన్నాడు పెయింటర్. "మీరు చెప్పింది ఆలస్యమనేనా?"

కోపంగా అడిగి ఉంటే ఆమె ఏదో ఒకటి అనేది. అతను తన చెవుల్నే అనుమానిస్తున్నాడు. జన్మలో మొదటిసారి నిజం చెబుతున్నవాడి నోట్లో తను అబద్ధం పెట్టి పంపింది. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడి, రేపు రా, చూసి చెబుతానంది. అతను మళ్ళీ దండం పెట్టాడు.

ఆ సాయంత్రం మరదలు ఎప్పటిలాగే నోటుబుక్కులు ముందేసుకుని కూర్చుంది. ఇండెక్సమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ, ఏమీ ఎరగనట్టు, మిస్‌ఫైల్ అంటే సరిగ్గా అర్థం ఏమిటని అడిగింది. మరదలికి ఇలాంటివి అడిగితే సరదా. ముందర మిస్ వస్తే తప్పుగా అని అర్థమంది. తప్పుగా చదివితే మిస్‌రీడ్, తప్పుగా లెక్కపెడితే మిస్‌కౌంట్. పోగొట్టడం వేరు, ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, ఇది వేరు. ఇందులో కాగితం పోదు. పద్ధతిగా అట్టలో పెడతారు, కాకపోతే ఇంకొకరి అట్టలో. అందుకే దొరకదు. పోయిందనుకుని కొత్తది చేసుకోవడానికీ ఉండదు, ఎందుకంటే అది ఉందని అందరూ అంటూనే ఉంటారు.

మరి చేయబడింది అంటే తప్పు ఎవరిదైనట్టని ఇండెక్సమ్మ అడిగింది. మరదలు పెన్ను పక్కన పెట్టి నవ్వింది.

"అదే కదా కిటుకు వదినా. కాగితం దానంతట అది మిస్‌ఫైల్ కాదు, ఎవరో ఒకరు చెయ్యాలి. చేయబడింది అంటే ఆ ఎవరో తెర వెనక్కి వెళ్ళిపోతారు. ఆఫీసులకి ఈ వాక్యం అంటే ప్రాణం. మనం మాట్లాడేటప్పుడు అలా అంటామా? పాలు పొంగబెట్టబడ్డాయి అంటే మీరు నన్ను ఊరుకుంటారా?"

ఇండెక్సమ్మ నవ్వలేదు. ఒలిచిన గింజలు తొక్కల్లో పడేస్తోందని మరదలు గమనించి, ఏమైందని అడిగింది. అప్పుడు చెప్పింది. ఫైలు సంగతి, ఉత్తరం సంగతి, కిటికీ దగ్గర చెప్పిన అర్థం సంగతి. కళ్ళడాక్టరు చీటీ కూడా పర్సులోంచి తీసి చూపించింది. మరదలు ఓదార్చలేదు. చీటీ మీద తారీఖు చదివి, ఆ పెయింటర్ భార్య ఇస్త్రీ దుకాణం ఎక్కడో తెలుసా అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్న పెయింటర్ రాకముందే ఇండెక్సమ్మ సగం రోజు సెలవు పెట్టి, ఫైల్లోని చిరునామా చూసుకుని ఆ దుకాణానికి వెళ్ళింది. వీధి మలుపులో ఒక చిన్న గది. బల్ల మీద మడతలు పెట్టిన బట్టలు, ఒక మూల గుడ్డల మూటలు, వాటి మీద సుద్దతో ఇంటి నంబర్లు. వేడికి కాగిన తడిబట్ట వాసన. పెయింటర్ భార్య ఇస్త్రీపెట్టె ఆపకుండానే, ఎవరి బట్టలని అడిగింది. బట్టల కోసం కాదని, జైలు ఆఫీసులో రికార్డు గది తనదని ఇండెక్సమ్మ చెప్పింది. అప్పుడు పెట్టె ఆగింది.

"మీ ఆయన ఆర్డరు నాలుగో తారీఖునే వచ్చింది. నేనే ఇంకొకళ్ళ ఫైల్లో పెట్టాను. మిస్‌ఫైల్ అంటే అదేనమ్మా. ఆలస్యం కాదు. ఆ అర్థం కూడా నేనే చెప్పాను, అబద్ధం."

ఆమె ఇండెక్సమ్మను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "ఆయనే పంపాడా మిమ్మల్ని?" అంది. "ఇదివరకు కూడా ఒకావిణ్ణి తెచ్చాడు. ఫలానా ఆఫీసులో హెడ్ క్లర్క్ అన్నాడు. ఆవిడ కూడా మీలాగే పద్ధతిగా మాట్లాడింది."

ఇండెక్సమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళు తన మాటే రికార్డు అనుకున్న మనిషి ఆమె. ఇప్పుడు దొంగ సాక్షిలా ఒక గుమ్మంలో నిలబడింది. కానీ ఆ అమ్మాయి అనుమానించడంలో తప్పేమీ కనబడలేదు. ఆఫీసుకొచ్చి మీరే కళ్ళతో చూసుకోండి, రిజిస్టరు తెరిచి పెడతానంది. వస్తానని ఆమె అనలేదు. మళ్ళీ ఇస్త్రీపెట్టె ఎత్తింది.

మధ్యాహ్నం పెయింటర్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఇండెక్సమ్మ బయటికి వెళ్ళి, వరండాలో అతని పక్కన నిలబడి మొత్తం చెప్పింది. అతను వరండా గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని గోటితో గీకుతూ నిలబడ్డాడు. ఇరవై మూడు రోజులు, వాళ్ళు నవ్వేవాళ్ళక్కా, అని ఒక్క మాటన్నాడు. తర్వాత, మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు. సిగ్గేసిందని ఆమె అంది.

భార్య వచ్చింది. ఆ రోజు కాదు, మూడు రోజుల తర్వాత, కూతుర్ని బళ్ళో దింపి వచ్చింది. ఎంక్వయిరీ కిటికీ దగ్గర అప్పటికే పది మంది ఉన్నారు. వెనక నలుగురు గుమాస్తాలు పని చేసుకుంటున్నారు. లోపలికి పిలిచి మూల గదిలో చూపించొచ్చు. ఇండెక్సమ్మ ఒక్క క్షణం ఆ మూల గది వైపు చూసింది కూడా. మూల గదిలో చూపిస్తే ఆ అమ్మాయి మళ్ళీ నమ్మదని తెలిసి, రిజిస్టరూ రెండు ఫైళ్ళూ తెచ్చి కిటికీ బల్ల మీదే పరిచింది. నాలుగో తారీఖు వరస మీద వేలు పెట్టి చదివింది. ఒక అట్ట మీద 4176, ఇంకో అట్ట మీద 4716 చూపించింది. దీంట్లో పెట్టాల్సింది దాంట్లో పెట్టాను, ఈ ఎర్ర చీటీ రాసింది నేను అంది. గట్టిగానే చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే వరసలో ఉన్నవాళ్ళ గోలలో ఆ అమ్మాయికి వినిపించలేదు. రెండోసారి చెప్పేసరికి వెనక టైపు మిషన్ ఆగిపోయింది. ఆమె తల తిప్పకుండానే అందరూ చూస్తున్నారని తెలిసింది.

పెయింటర్ భార్య రెండు అట్టలనీ చాలాసేపు చూసింది. చీటీ మీద రాతని, రిజిస్టరులో రాతని పక్కపక్కన పెట్టి పోల్చింది. దొంగరాతలు చేసేవాడితో కాపురం చేసిన మనిషి కదా, రాత చూడడం ఆమెకు వచ్చు.

"ఆ రోజు నేను సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాను," అంది నెమ్మదిగా. "మా పాప ఎండలో వాళ్ళ నాన్న చొక్కా సంచి మీద కూర్చుని నిద్రపోయింది. మీరప్పుడు లోపలే ఉన్నారా?"

ఉన్నానని ఇండెక్సమ్మ చెప్పింది. ఆమె రెండు అట్టలూ మూసి వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు ఆ సాయంత్రం పిలిపించాడు. ఆయనకు కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. నేను మిమ్మల్ని కాపాడాననుకున్నాను, మీరు వీధిలో పెట్టారు, ఇప్పుడు రాతపూర్వకంగా చర్య తీసుకోక తప్పదన్నాడు. తీసుకున్నాడు. సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఎక్కింది. రికార్డు గది తాళాలు ఇంకొకరికి వెళ్ళాయి. ఆమెను స్టేషనరీ గదికి మార్చారు, అక్కడ కాగితాల మీద ఇంకా ఏమీ రాసి ఉండదు. విచారణ రిపోర్టులో ఈసారి కర్త ఉన్నాడు. ఫలానా గుమాస్తా ఆర్డరును మిస్‌ఫైల్ చేసింది అని స్పష్టంగా రాశారు. దాని కాపీ ఒకటి పెయింటర్‌కీ పంపారు. ఆమె కొత్త అద్దాలు చేయించుకుంది. వాటితో మొదటిరోజు ఆఫీసుకెళ్ళినప్పుడు వయసు గురించి ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఆమెతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చెవిపోగు జోకు మళ్ళీ ఎవరూ వెయ్యలేదు.

ఆ ఇస్త్రీ దుకాణం ఉన్న వీధి ఆమె ఇంటికి దగ్గరి దారి. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆమె చుట్టుదారిన వెళ్ళేది. మరదలు ఒకసారి ఎందుకని అడిగితే, మొహం చెల్లడం లేదంది.

ఒక మధ్యాహ్నం బడి ప్రహరీ పక్కగా వస్తుంటే, నిచ్చెన మీద పెయింటర్ కనబడ్డాడు. గోడ మీద బడి పేరు రాస్తున్నాడు. ఆమె తల దించుకుని దాటిపోదామనుకుంది గానీ అతనే చూసి దిగొచ్చాడు. చేతులు నీలిరంగు. ఇంటికి వెళుతున్నావా అని ఆమె అడిగింది. వెళుతున్నానని చెప్పాడు. మొదట్లో దుకాణం దాకా రానిచ్చిందట, మూడు నెలలకి భోజనానికి రానిచ్చిందట, ఇప్పుడు గదిలోనే ఉంటున్నాడట. అయితే రాత పని తెచ్చిన ప్రతిసారీ ఏ గోడ, ఎవరి గోడ అని అడిగి, వీలుంటే వెళ్ళి చూసొస్తుందట. అది చెబుతూ కొంచెం నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ధైర్యం వచ్చింది.

"నా మీద ఇంకా కోపం ఉందా?" అంది.

అతను చేతులు పాతగుడ్డకి తుడుచుకున్నాడు. లేదని అంటే సరిపోయేది, రోడ్డు మీద ఎవరైనా అనే మాటే అది. అతను ఆలోచించాడు.

"ఉందక్కా," అన్నాడు. "లేదని చెబితే మీకు బాగుంటుంది గానీ, ఉంది."

ఆమె తలూపింది. అతను నిచ్చెన ఎక్కి, సగంలో ఉన్న అక్షరం దగ్గర కుంచె పెట్టాడు. ఆమె గొడుగు విప్పుకుని నడిచింది. మలుపు దగ్గర అలవాటుగా చుట్టుదారి వైపు రెండడుగులు వేసి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి దుకాణం ఉన్న వీధిలోకే వెళ్ళింది. పెయింటర్ భార్య బల్ల దగ్గర ఎవరి చీరో మడత పెడుతోంది. ఆమెను చూసింది. పిలవలేదు, మొహం తిప్పుకోనూ లేదు.